ఉద్యోగం కంటే ముందొచ్చిన కృతజ్ఞత కూడిక

నేను ఎం.ఏ.లో పబ్లిక్ పాలసీ చదివాను. ఈ వాక్యం వినగానే హైదరాబాద్‌లో మా నాచారం జనం సాధారణంగా మాట మార్చేస్తారు.

మా గల్లీ లెక్కలో ఉద్యోగాలు మూడు రకాలు. మొదటిది కంపెనీ, అంటే ఇండస్ట్రియల్ ఏరియాలో సైరన్ మోగే లోపల పోవలసినది. రెండోది సాఫ్ట్‌వేర్, అంటే క్యాబ్ ఇంటిదాకా వచ్చి తీసుకుపోయేది. మూడోది గవర్నమెంట్, అంటే ఎప్పుడు పోయినా ఎవరూ ఏమీ అననిది. నా చదువు ఈ మూడింట్లో ఎక్కడ ఇముడుతుందో ఇంట్లో చెప్పవలసిన బాధ్యత నామీద పడింది. డాడీ ప్లాస్టిక్ డబ్బాలు చేసే కంపెనీలో మిషన్ ఆపరేటర్. ఏ డబ్బాకి ఏ మూత అన్న విషయంలో సందేహాలు ఉంచుకునే మనిషి కాదు.

"గవర్నమెంటు ఏ పని ఎట్ల చెయ్యాల్నో చదివి, లెక్కలు చూసి, సలహా చెప్పుడు" అన్నాను.

"గది మేము రోజు ఛాయ్ హోటల్ల చెప్తనే ఉన్నం" అన్నాడు డాడీ. "దానికి జీతం గూడ ఇస్తరా?"

"ఇస్తరు."

"ఎవరు?"

ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి నాకు ఏడాది పైనే పట్టింది.

ఆ కాలంలో నేను పంపని దరఖాస్తు లేదు. యంగ్ ప్రొఫెషనల్, రీసెర్చ్ అసోసియేట్, ఫెలో, కన్సల్టెంట్. పేర్లు వేరైనా షరతు ఒక్కటే, అనుభవం ఉండాలి. మొదటి ఉద్యోగానికి అనుభవం అడిగేవాళ్లే దేశానికి విధానాలు రాస్తున్నారు కాబట్టి దేశం గురించి నాకు కొన్ని సంగతులు అప్పుడే అర్థమయ్యాయి. తిరస్కరించే మెయిళ్లు మాత్రం చాలా మర్యాదగా ఉండేవి. మీ దరఖాస్తు మమ్మల్ని ఎంతో ఆకట్టుకుంది అని మొదలయ్యేవి. అంతగా ఆకట్టుకున్న మనిషిని దూరంగా ఉంచడానికి పాపం వాళ్లెంత కష్టపడి ఉంటారో అనుకునేవాణ్ణి.

నాతో డిగ్రీ చదివినవాళ్లు ఏఎస్ రావు నగర్‌లో గవర్నమెంటు పరీక్షల కోచింగ్ సెంటర్లకు పోతున్నారు. నన్నూ రమ్మన్నారు. ఒకరోజు డెమో క్లాసులో కూర్చున్నాను. సారు నదుల పొడవులు ఒక రాగంలో పాడించారు. రాగం బాగుంది. మర్నాడు పోలేదు.

అప్పుడొచ్చింది ఒక మెయిలు. సర్కారు సేవలు జనానికి ఎలా చేరుతున్నాయో, ఎందుకు చేరడం లేదో ఒక ప్రభుత్వ శాఖ కోసం అధ్యయనం చేసే సంస్థ అది. ఎంపికైనవాళ్లు ఆ శాఖలోనే కూర్చుని పనిచేయాలట. నన్ను ఇంటర్వ్యూకి పిలిచారు. వంటింట్లోకి పోయి అమ్మకు చెప్పాను.

"షార్ట్‌లిస్ట్ చేసిన్రు అమ్మా."

"అంటే వచ్చినట్టేనా?"

"అంటే వాళ్లు నా పేరు ఒకపారి చదివిన్రు."

"ఎంతమందివి చదివిన్రు?"

"ఓ ఇరవై మందివి అనుకో."

"ఎంతమందిని తీస్కుంటరు?"

"ఇద్దరిని."

అమ్మ పప్పుకి పోపు పెట్టడం ఆపలేదు. "ఇద్దరంటే మంచిగనే ఉన్నది. ఒక్కన్నే అంటే కష్టముండె" అంది. నేను దాన్ని ఒక సాధారణ వ్యాఖ్య అనుకుని అన్నం తినడానికి కూర్చున్నాను.

మా చర్చి చిన్నది. జనగాం, వరంగల్ వైపు నుంచి వచ్చి ఇక్కడి కంపెనీల చుట్టూ స్థిరపడ్డ కుటుంబాలు కట్టుకున్నది. ఆదివారం ఆరాధనలో పాటలకీ ప్రసంగానికీ మధ్య సాక్ష్యాలకు సమయం ఇస్తారు. దేవుని మేలు పొందినవాళ్లు లేచి నిలబడి అందరికీ చెప్పాలి. జ్వరం తగ్గింది, బోరులో నీళ్లు పడ్డాయి, బోడుప్పల్ ప్లాటు రిజిస్ట్రేషన్ అయింది. కొందరు వారం వారం లేస్తారు. దేవుడు వాళ్ల మీద ప్రత్యేకంగా ఒక మనిషిని పెట్టాడేమో అనిపిస్తుంది. మా అమ్మ మాత్రం ఎప్పుడూ లేవలేదు. ఫ్యాను కింద మూడో వరసలో కూర్చుని, అందరి మేళ్లకూ ఆమెన్ అని, ఇంటికొచ్చి బియ్యం కడిగేది.

ఆ ఆదివారం అమ్మ లేచింది. కొంగు తల మీద సవరించుకుంది.

"నా కొడుకుకు గవర్నమెంటుల పని దొరికింది. దేవునికి స్తోత్రం. వచ్చే శనివారం మా ఇంట్ల కృతజ్ఞత కూడిక. అందరు రావాలె."

కూర్చుంది. మా చర్చిలో అంత పొట్టి సాక్ష్యం అంతకుముందు ఎవరూ చెప్పలేదు. మగవాళ్ల వైపు డోలక్ పక్కన కూర్చున్న నన్ను అందరూ తిరిగి చూశారు. ఉద్యోగం ఉన్నవాడు ఎలా నవ్వుతాడో ఊహించుకుని అలా నవ్వాను.

ఇంటర్వ్యూ ఆ శనివారం తర్వాత ఇంకో మూడు వారాలకు ఉంది.

అమ్మ చేసింది మా వాళ్లలో అబద్ధం కిందికి రాదని ఇక్కడ చెప్పాలి. అడిగింది దొరికిందనే నమ్మి ముందుగానే కృతజ్ఞత చెల్లించడం గట్టి విశ్వాసానికి గుర్తు. అలా చెల్లించినవాళ్లందరికీ దొరికిందని కూడా పేరుంది. దొరకనివాళ్లు మళ్లీ లేచి ఆ సంగతి చెప్పరు కాబట్టి లెక్క ఎప్పుడూ నూటికి నూరే వస్తుంది. ఇలాంటి లెక్కల్లో లోపం ఎక్కడుంటుందో మాకు ఎం.ఏ.లో ఒక పేపరంతా నేర్పారు. ఆ సాయంత్రం ఆ పేపరు గురించి నేను ఎత్తలేదు.

డాడీ మాత్రం అడిగాడు.

"రాకపోతే?"

"వస్తది" అంది అమ్మ.

"రాకపోతే అంటున్న."

"గట్ల అనొద్దనే గద కూడిక పెట్టింది."

డాడీ నన్ను బయటికి పిలిచి, బండి తుడుస్తున్నట్టు నటిస్తూ అన్నాడు. "సూడు బిడ్డా. మీ అమ్మ ఇన్నేండ్లల్ల ఒక్కపారి గూడ లేవలే. లేసింది నీ కోసం. నువ్వు జర మంచిగ చదువుకో."

ఏం చదవాలో చెప్పలేదు. మంచిగా చదువుకోవడం మొదలుపెట్టాను.

శనివారం గల్లీలో షామియానా వేశారు. బగార అన్నం, చికెన్. అయ్యగారు, అంటే మా పాస్టరు, చాలాసేపు ప్రార్థన చేశారు. పేదల మొర వినే అధికారిగా ఈ బిడ్డను నిలబెట్టావని దేవునికి వందనాలు చెప్పారు. ఆయన ప్రార్థనలో నాకు రెండు ప్రమోషన్లు వచ్చాయి. ఎదురింటి మామ కళ్లు మూసుకునే ఆమెన్ అన్నాడు కాని, కళ్లు తెరిచేసరికి ఆయన చేతిలో ఒక కాగితం ఉంది. మోరీ పొంగి ఇంట్లోకి మురుగునీళ్లొస్తున్నాయని దరఖాస్తు. ప్రార్థనలో విన్నాక నాకే ఇవ్వాలనిపించిందట.

ఆ ఒక్క కాగితంతో దారి తెరుచుకుంది. భోజనాలు అయ్యేలోగా నా ఒళ్లో ప్లేటు కింద చాలా కాగితాలు చేరాయి. చనిపోయిన తండ్రి పేరు మీదే వస్తున్న ఇంటి పన్ను, మారని రేషన్ కార్డు, ఉప్పల్ బస్సు డిపోకి బదిలీ మీద రావాలనుకుంటున్న ఒకరి కండక్టర్ అల్లుడు. నాకింకా ఉద్యోగం రాలేదని చెప్పడానికి నోరు తెరిచినప్పుడల్లా అమ్మ వచ్చి ఇంకో ముక్క వేసేది.

అందరిలోకీ వెనక గల్లీ పెద్దమ్మ వేరు. కాగితం ఇవ్వలేదు. మర్నాడు పొద్దున నేను పళ్లు తోముకుంటుండగా గేటు దగ్గర వచ్చి నిలబడింది.

"బిడ్డా, నేను బతికే ఉన్ననా లేదా?"

"ఉన్నవ్ పెద్దమ్మా."

"గది గా ఉప్పల్ ఆఫీసుల జెప్పు."

సంగతి ఏమిటంటే, ఆమెకు వితంతు పింఛను వస్తుంది. బతికే ఉన్నట్టు అప్పుడప్పుడు ఆఫీసుకు పోయి వేలిముద్ర పెట్టాలి. ఆమె ఎన్నో ఏళ్లు ఒక కంపెనీలో సీసాలు కడిగింది. వేళ్ల మీద గీతలన్నీ సీసాలతోనే పోయాయి. మిషన్ ఆమె వేలు చూసి ఎవరూ లేరంటోంది. పింఛను ఆగిపోయింది. ఎప్పుడు పోయినా ఆఫీసులో సర్వర్ డౌన్ అంటున్నారు.

నేను ఆగుదామన్నాను. ఆమె రోజూ పొద్దున్నే వచ్చి అదే ప్రశ్న అడిగింది. ఒక మనిషి బతికున్నదని రోజూ పరగడుపున ధ్రువీకరించడం కంటే ఉప్పల్ పోవడమే తేలిక అనిపించింది.

బస్సులో ఆమెకు ఫ్రీ, నాకు టికెట్. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమనే ఆ పథకాన్ని సమర్థిస్తూ ఎం.ఏ.లో నేను పెద్ద వ్యాసం రాశాను. టికెట్ తీసుకుంటూ కూడా అభిప్రాయం మార్చుకోలేదు. మా వెనక సీటు ఆమెతో పెద్దమ్మ నా గురించి చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో దిగి తార్నాక వైపు పోయే బస్సు ఎక్కాల్సిన ఆ మనిషి నా గురించి వింటూ ఉప్పల్ దాకా వచ్చేసింది.

ఆఫీసులో కంప్యూటర్ ముందున్న గుమస్తా తల ఎత్తకుండానే చెప్పాడు. "సర్వర్ డౌన్ అమ్మా. వచ్చే వారం రా."

"పోయిన వారం గూడ గదే అన్నవ్."

"పోయిన వారం గూడ డౌనే ఉండె."

పెద్దమ్మ నన్ను ముందుకు తోసింది. "గా మాట ఈనకు జెప్పు. సెక్రటేరియట్ల జేస్తడు."

గుమస్తా నన్ను చూశాడు. నా చెప్పులు చూశాడు, ల్యాప్‌టాప్ సంచి చూశాడు. రెండింటికీ సగటు తీసినట్టున్నాడు. కుర్చీ జరిపాడు.

"కూసోండ్రి సార్. ఏ సెక్షన్?"

"ఇంక సెక్షన్ ఇయ్యలే."

"కొత్తనా?"

"మస్తు కొత్త."

నేను అబద్ధం ఒక్కటీ ఆడలేదు. ఆయన ఛాయ్ తెప్పించాడు. తాగుతూ, ఎం.ఏ.లో చదివిన ఒక సంగతి గుర్తొచ్చి అడిగాను.

"వేళ్లు పడనోళ్లకు కంటిపాప చూసే మిషన్ ఉంటదంట గద అన్నా?"

"ఉన్నది సార్."

"మరి?"

"బీరువల ఉన్నది."

"తియ్యరాదా?"

"తీస్తే ఏం జేస్తం సార్, ఛార్జింగ్ లేదు."

"పెట్టరాదా?"

"ఛార్జర్ లేదు. కావాల్నని పైకి రాసినం. మంజూరు గావాలె."

"ఎప్పుడు రాసిన్రు?"

"నాకన్న ముందు ఉన్నాయన రాసిండు."

ఎంతో ప్రశాంతంగా చెప్పాడు. అందులో ఎవరి తప్పూ లేదు. నేను సంచిలోంచి నా పాత ఫోను ఛార్జర్ తీసి అడగకుండానే ఇచ్చాను. ఆయన బీరువా తెరిచి మిషన్ తెచ్చి, మీద దుమ్ము తుడిచి, పిన్ను గుచ్చాడు. సరిపోయింది. వైరు లూజుగా ఉండి ఆగిపోతోంది. ఒక వైపు వంచి పట్టుకుంటే పనిచేస్తోంది. నేను పట్టుకున్నాను. ఎంతోమంది విధానవేత్తల మీద వ్యాసాలు రాసిన నాకు ప్రజాసేవలో మొదటి అవకాశం వైరు వంచి పట్టుకోవడంలో దొరికింది.

పెద్దమ్మ కన్ను పెద్దగా తెరిచి మిషన్‌లోకి చూసింది. మిషన్ కుయ్యిమంది. గుమస్తా సర్వర్ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఆమె బతికే ఉన్నదని ప్రభుత్వం ఒప్పుకుంది.

"నేను ముందుగాలనే జెప్పిన గద" అంది పెద్దమ్మ, గుమస్తాతో.

వరండాలో ఎన్నాళ్లనుంచో తిరుగుతున్న ముసలివాళ్లు ఇంకొందరు ఉన్నారు. కుయ్యిమన్న శబ్దం విని వాళ్లంతా లేచారు. మధ్యాహ్నం భోజనాల దాకా నేను వైరు వదలలేదు. పోయేటప్పుడు గుమస్తా మొహమాటంగా అడిగాడు. "సార్, ఛార్జర్ ఇడిసిపెట్టి పోతరా? మంజూరు వచ్చినంక ఇస్త."

వదిలిపెట్టాను. అది మళ్లీ నాకు కనబడుతుందన్న ఆశ పెట్టుకోలేదు.

పింఛను మళ్లీ మొదలైందని పెద్దమ్మ గల్లీ గల్లీ తిరిగి చెప్పింది. ఆ తర్వాత నేను ఇంట్లో ఉండే అవకాశం పోయింది. మోరీ మామతో ఒకరోజు, ఇంటి పన్ను వాళ్లతో ఒకరోజు. కొన్ని పనులయ్యాయి, చాలా పనులు కాలేదు. కానివాటి గురించి ఎవరూ అనుమానపడలేదు. గవర్నమెంటు ఉద్యోగమని పేరు పడటంలో ఉన్న సౌకర్యం ఇదే. పని కాకపోతే ఉద్యోగం అబద్ధమనుకోరు, నిజమేననుకుంటారు. పొద్దున తయారై సంచి వేసుకుని ఆఫీసులకు పోతున్నాను కదా. మా గల్లీ దృష్టిలో అంతకంటే ఉద్యోగం ఏముంటుంది?

ఇంటర్వ్యూ బేగంపేటలో. మెట్రోలో కూర్చుని నేను సిద్ధం చేసుకున్న జవాబు ఒకటి పదేపదే చదువుకున్నాను. అందులో నాలుగు కారణాలున్నాయి. నాలుగింటికీ ఇంగ్లిషులో మంచి పేర్లున్నాయి. అద్దాల గదిలో ముగ్గురు కూర్చున్నారు. ఒక రిటైర్డ్ అధికారి, ఒక ప్రొఫెసర్ మేడమ్, ల్యాప్‌టాప్‌లోంచి తల ఎత్తని ఒక కుర్రాయన.

"ప్రభుత్వ సేవ చివరి మనిషి దాకా చేరకపోవడానికి ముఖ్యమైన అడ్డంకి ఏమిటంటారు?" అని మేడమ్ అడిగారు.

నాకు కావలసిన ప్రశ్నే. నాలుగు కారణాలూ నాతో దిగకుండా మెట్రోలోనే ఉండిపోయినట్టున్నాయి.

"ఛార్జర్, మేడమ్" అన్నాను.

మేడమ్ కలం కింద పెట్టి, వివరంగా చెప్పమన్నట్టు చూశారు. ఇక తప్పదని జరిగిందంతా చెప్పాను. అమ్మ సాక్ష్యం, షామియానా సంగతి వదిలేసి, పెద్దమ్మ కన్ను దగ్గర మొదలుపెట్టాను.

"ఏ ఆఫీసు అది?" అన్నాడు రిటైర్డ్ అధికారి.

"ఉప్పల్ వైపు సార్."

"ఉప్పల్‌లో ఎక్కడ?"

"అక్కడి గుమస్తా నాకు ఛాయ్ తెప్పించిండు సార్" అన్నాను.

ఆయన ఆ ప్రశ్న వదిలేసి, కాగితం మీద ఏదో రాసుకున్నాడు. చిన్న చిన్న వస్తువులు అక్కడి అధికారే అక్కడే కొనుక్కునేలా చేస్తే సరిపోదా అని నేను అన్నాను. ఏ కారణాల వల్ల చేయరో, చేస్తే ఏ జాగ్రత్తలు కావాలో మేడమ్ అడిగారు. చదివింది కొంత అప్పుడు తిరిగొచ్చింది.

"మేము సర్వీసులో ఉన్నప్పుడు కూడా ఇదే అనుకున్నాం" అన్నాడు అధికారి.

"మరి ఎందుకు కాలేదు సార్?"

ఆ ప్రశ్న నేను అడగదలచుకోలేదు.

"ఫైలు పెట్టాం" అన్నాడాయన.

ల్యాప్‌టాప్ ఆయన అప్పుడు మొదటిసారి నవ్వాడు. తర్వాత అలా నవ్వి ఉండకూడదేమోనన్నట్టు మళ్లీ తల దించాడు. వారంలో చెబుతామన్నారు.

వారం పోయింది. ఇంకో వారం పోయింది. అమ్మ ఏమీ అడగలేదు. చర్చిలో ఆడవాళ్లు ఇప్పుడు అమ్మ దగ్గరకే వచ్చి, మా పిల్లగాని ఉద్యోగానికి కూడా నువ్వే ప్రార్థన చెయ్యక్కా అని అడుగుతున్నారు. అమ్మ చేసేది. సాక్ష్యాల సమయంలో మాత్రం తల దించుకుని చాప అల్లిక చూసుకునేది. ఒక రాత్రి అన్నం దగ్గర చారు పోసి, పప్పు వేయడం మరిచిపోయింది. మా ఇంట్లో అలాంటిది ఎన్నడూ జరగలేదు.

డాడీ మళ్లీ బండి తుడవడానికి పిలిచాడు.

"మీ అమ్మ చర్చి మారుదామంటున్నది."

"ఏ చర్చికి?"

"అంబర్‌పేట్ల ఏదో ఉన్నదంట. పోయి చూసి గూడ వచ్చింది. ఫ్యాన్లు మంచిగున్నయంట."

విశ్వాసం అమ్మదే. అది ఫలించకపోతే ఏం చేయాలన్న ఏర్పాటు కూడా అమ్మదే.

"అందరు నమ్మిన్రు. ఇప్పుడు ఆమెనే నమ్ముతలేదు" అన్నాడు డాడీ. "పెండ్లయినప్పటి సంది గదే చర్చి. గా మూడో వరసల కూసోకపోతే ఆమెకు నిద్ర పట్టది. నీది వస్తదా రాదా, ఒక్క మాట చెప్పు."

"తెల్వది డాడీ."

ఆయన బండి అద్దం చాలాసేపు తుడిచాడు.

మెయిలు ఒక మధ్యాహ్నం వచ్చింది. మీ దరఖాస్తు మమ్మల్ని ఎంతో ఆకట్టుకుంది అనే మొదలైంది. అక్కడే ఆగిపోబోయి, అలవాటు లేకపోయినా రెండో వాక్యం చదివాను. పదకొండు నెలల కాంట్రాక్టు, పని బాగుంటే పొడిగిస్తారు. చేరడానికి సోమవారం రమ్మన్నారు.

వంటింట్లోకి పోయాను. "అమ్మా, వచ్చింది."

"ఎవరు?"

"ఉద్యోగం."

అమ్మ గరిటె పక్కన పెట్టింది. వంటింటి తలుపు వేసింది. కిటికీ కూడా వేసింది. తర్వాత నా రెండు చేతులూ పట్టుకుని, "మెల్లగ మాట్లాడు" అంది.

ఆమె చెప్పాక అర్థమైంది. ఈ సంగతి మేము ఎవరికీ చెప్పడానికి లేదు. ఊరంతా దీనికి ఎప్పుడో ఆమెన్ చెప్పి బగార తిని పోయింది. సాయంత్రం షిఫ్టు నుంచి వచ్చిన డాడీకి అమ్మ చెవిలో చెప్పింది. డాడీ నన్ను చూశాడు. భుజం మీద చెయ్యి వేశాడు. తర్వాత తనూ గొంతు తగ్గించాడు.

"మిఠాయి తేనా?"

"ఎందుకని అడిగితే ఏం జెప్తవ్?" అంది అమ్మ.

డాడీ ఆలోచించి మిర్చి బజ్జీలు తెచ్చాడు. వాటికి కారణం ఎవరూ అడగరు. ముగ్గురం మూసిన వంటింట్లో చెమటలు కారుస్తూ, కారానికి కూడా పెద్దగా ఉస్సుమనకుండా తిన్నాం. తిన్నాక అమ్మ లోపలి గదిలోకి పోయి మోకరించింది. ఎప్పుడూ పైకి ప్రార్థన చేసే మనిషి ఆ రోజు ఏం చెప్పుకుందో గోడ ఇవతలికి వినపడలేదు. లేవడానికి మాత్రం చాలా సమయం పట్టింది.

సోమవారం నేను కొత్త చొక్కా వేసుకున్నాను. అమ్మ చూసి, కొత్తదని తెలుస్తుందని పాతది వేయించింది. టిఫిన్ డబ్బాతో గేటు దాకా వచ్చింది. పెద్దమ్మ అప్పటికే అరుగు మీద కూర్చుని ఉంది. ఎదురింటి మామ మోరీ ముందు నిలబడి పళ్లు తోముతున్నాడు.

"ఇయ్యాల గింత జల్ది పోతున్నవేంది బిడ్డా?" అంది పెద్దమ్మ.

నేను జవాబు వెతికే లోపల అమ్మ డబ్బా సంచిలో సర్దుతూ నా దగ్గరగా వంగింది.

"మొదటి రోజు గద. పెద్ద సార్లకు మంచిగ వందనాలు చెప్పు. భయపడకు" అంది, నాకొక్కడికే వినపడేట్టు.

తర్వాత నిటారుగా నిలబడి, గల్లీ అంతటికీ వినపడేట్టు అంది.

"జల్ది పో మరి. రోజు జేసినట్టే ఇయ్యాల గూడ లేటు జెయ్యకు."